లాంగ్ రైడ్‌లో నడుము నొప్పి, చేతి తిమ్మిరి: యాక్సెసరీస్ కొనే ముందు బైక్‌ని ఇలా సెట్ చేసుకోండి (కరీంనగర్ టు ఆదిలాబాద్ గైడ్)

లాంగ్ రైడ్ ప్లాన్ చేయగానే మనలో చాలామంది ముందు ఓపెన్ చేసేది షాపింగ్ యాప్. జెల్ సీటు, మొబైల్ హోల్డర్, ఫాగ్ లైట్లు, హ్యాండిల్ రైజర్ అన్నీ కార్ట్‌లో పడిపోతాయి. కానీ నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా కొంటే, ర్యామ్ సరిపోక ఫోన్ స్లో అయినప్పుడు స్క్రీన్ గార్డ్ మార్చినట్టే ఉంటుంది. డబ్బులు పోతాయి, ప్రాబ్లమ్ అలాగే ఉంటుంది.

ఈ ఆర్టికల్‌లో నేను చెప్పేది ఒక్కటే. బైక్ మీద వచ్చే ఇబ్బంది మూడు చోట్ల నుంచి పుడుతుంది: రోడ్డు, ఇంజన్, మనం కూర్చునే తీరు. మూడింటికీ మందు వేరు. ముందు ఏదో కనిపెట్టాలి, తర్వాతే ఖర్చు. కనిపెట్టడానికి మీ జేబులో ఉన్న ఫోనే చాలు.

ఇది కంఫర్ట్ గురించి మాత్రమే కూడా కాదు. వేళ్లు తిమ్మిరెక్కితే బ్రేక్ లివర్ మీద కంట్రోల్ తగ్గుతుంది. వెనక బరువుకి బండి కిందికి కూర్చుంటే మలుపులో లైన్ దాటి ఎదుటి లారీ వైపు పోతుంది. కంఫర్ట్, హ్యాండ్లింగ్, సేఫ్టీ ఈ మూడూ ఒకే సెట్టింగుల మీద ఆధారపడి ఉంటాయి.

రెండు దారులు, రెండు రకాల టెస్ట్

నేను రెగ్యులర్‌గా తిరిగేది కరీంనగర్ – ఆదిలాబాద్ మధ్య. దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ వెళ్లి, అక్కడ ఎన్‌హెచ్ 44 ఎక్కి, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్, నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా ఆదిలాబాద్ చేరేది. దూరం ఎక్కువే, కానీ ఆర్మూర్ దాటాక హైవే మీద గంటల కొద్దీ ఒకే స్పీడులో పోవచ్చు. అంటే ఇంజన్ కూడా గంటల కొద్దీ ఒకే ఆర్‌పీఎంలో తిరుగుతుంది. చేతులు తిమ్మిరెక్కేది ఇలాంటి రోడ్ల మీదే.

రెండోది లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూర్, ఇంద్రవెల్లి మీదుగా పోయి గుడిహత్నూర్‌లో హైవే కలిసేది. ఇది 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన కవ్వాల్ అడవి గుండా వెళ్తుంది. మలుపులు, స్పీడ్ బ్రేకర్లు, ఊరు ఊరికీ ఆవులు, మేకలు. ఇక్కడ పని పడేది సస్పెన్షన్‌కి, టైర్లకి.

ఇక కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ బండలు మోసే లారీలు తిరిగే రోడ్ల సంగతి మీకు తెలిసిందే. ఒక దారిలో హాయిగా ఉన్న బండి ఇంకో దారిలో నడుము విరగ్గొట్టిందంటే ఆశ్చర్యం లేదు. రెండూ వేరే టెస్టులు.

స్టెప్ 1: నొప్పి ఎక్కడిదో కనిపెట్టండి

ముందు ఫోన్ లేకుండా చేసే టెస్ట్. వెనక ఎవరూ లేనప్పుడు, ఖాళీగా ఉన్న నేరుగా ఉండే రోడ్డు మీద 50 – 60 స్పీడులో వెళ్తూ, యాక్సిలరేటర్ వదిలి ఒకటి రెండు సెకన్లు క్లచ్ పట్టండి. ఇంజన్ ఐడిల్‌కి వస్తుంది, బండి మాత్రం దొర్లుతూ ఉంటుంది.

- జుమ్మనే వైబ్రేషన్ ఒక్కసారిగా ఆగిపోతే అది ఇంజన్‌ది.
- అలాగే కొనసాగితే టైరు, రిమ్ము, బేరింగ్ లేదా రోడ్డుది.
- బండి ఆపి పక్కన నిలబడ్డా మెడ, మణికట్టు, నడుము లాగుతూనే ఉంటే కూర్చునే తీరు కూడా చూడాలి.

ఇప్పుడు ఫోన్ టెస్ట్. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ తయారు చేసిన ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్ ఉంది. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో రెండింటిలో దొరుకుతుంది. ఫోన్‌లోని సెన్సర్ల డేటాని ఇది గ్రాఫ్‌గా చూపిస్తుంది. ఇందులో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ అనే ఆప్షన్ మనకు కావాల్సింది. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ఊగుతుందో చెప్తుంది. రికార్డింగ్ టైమర్ పెట్టే సౌకర్యం కూడా ఉంది కాబట్టి నడుపుతూ ఫోన్ ముట్టుకోవాల్సిన పని లేదు. పాత ఫోన్ ఉంటే అదే వాడండి. నడుముకు బిగుతుగా కట్టే పౌచ్‌లో పెట్టండి. అప్పుడు మన ఒంటికి చేరే వైబ్రేషన్ రికార్డవుతుంది.

గ్రాఫ్ చదవడానికి రెండు చిన్న లెక్కలు తెలిస్తే చాలు.

ఇంజన్ లెక్క: ఆర్‌పీఎంని 60తో భాగించండి. సింగిల్ సిలిండర్ ఇంజన్ 5,000 ఆర్‌పీఎంలో ఉంటే 5,000 ÷ 60 = సుమారు 83 హెర్ట్జ్. గ్రాఫ్‌లో ఆ దగ్గర పొడవాటి గీత కనిపిస్తే అది ఇంజన్.

చక్రం లెక్క: స్ప్లెండర్‌కి వచ్చే 80/100-18 టైరు తీసుకుందాం. చుట్టుకొలత సుమారు 1.94 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకి 16.7 మీటర్లు. అంటే చక్రం సెకనుకి 8.6 సార్లు తిరుగుతుంది. సుమారు 8 – 9 హెర్ట్జ్ దగ్గర గీత ఉండి, స్పీడు మారినప్పుడల్లా అదీ జరుగుతుంటే రిమ్ము వంకర, టైరు ఉబ్బు లాంటివి చెక్ చేయించాలి.

మన శరీరం నిలువు ఊపుడుకి ఎక్కువ ఇబ్బంది పడేది 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య అని ఐఎస్ఓ 2631 స్టాండర్డ్ లెక్క. చేతుల విషయంలో ఐఎస్ఓ 5349 ఎక్కువ వెయిట్ ఇచ్చేది 8 – 16 హెర్ట్జ్ ప్రాంతానికి. కాబట్టి చిన్న ఫ్రీక్వెన్సీలోని గీతలని తేలిగ్గా తీసుకోవద్దు.

ఒక టెక్నికల్ విషయం. ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రత్యేక పర్మిషన్ లేని యాప్స్‌కి సెన్సర్ స్పీడు 200 హెర్ట్జ్‌కి పరిమితం చేశారు. 200 సార్లు శాంపిల్ తీస్తే 100 హెర్ట్జ్ వరకే నమ్మకంగా చూడగలం. అంటే సుమారు 6,000 ఆర్‌పీఎం. అంతకు మించి తిరిగే ఇంజన్‌కి గ్రాఫ్ కంటే క్లచ్ టెస్టే బెటర్.

స్టెప్ 2: రోడ్డు నుంచి వచ్చే దెబ్బకి మందు – గాలి, సస్పెన్షన్

టైరు గాలి

ఎంత గాలి ఉండాలో ఓనర్స్ మాన్యువల్‌లో, చాలా బండ్లకి చైన్ కవర్ దగ్గర స్టిక్కర్ మీద కూడా రాసి ఉంటుంది. ఒక్కరికి వేరు, ఇద్దరికి వేరు. ఈ నంబర్లు చల్లటి టైరుకి ఇచ్చినవి. నాలుగు కిలోమీటర్లు నడిపి బంకుకి పోయి చెక్ చేస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే తెల్లారి టైరు తక్కువ గాలితో ఉంటుంది.

టెంపరేచర్ ప్రభావం మన దగ్గర ఎక్కువ. 30 పీఎస్ఐ ఉన్న టైరులో 10 డిగ్రీల తేడాకి సుమారు 1.5 పీఎస్ఐ మారుతుంది. ఆదిలాబాద్‌లో డిసెంబర్ తెల్లవారుజామున 10 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం 40 దాటడం మామూలే. ఆ 30 డిగ్రీల తేడా అంటే దాదాపు 4.5 పీఎస్ఐ. ఎండాకాలంలో కొట్టించిన గాలితోనే చలికాలం నడిపేస్తున్నామంటే మలుపులో బండి బరువుగా తిరగడానికి అదే కారణం కావచ్చు. రోడ్డు సాఫీగా అనిపించాలని కావాలని గాలి తగ్గించడం కూడా మంచిది కాదు. గుంతలో పడితే రిమ్ము దెబ్బ తింటుంది, టైరు వేడెక్కుతుంది.

అందుకే నేను చెప్పే మొదటి గ్యాడ్జెట్ ఒక డిజిటల్ ప్రెషర్ గేజ్. షావోమీ లాంటి ఫోన్ కంపెనీలే అమ్మే పోర్టబుల్ ఎయిర్ పంపు ఉంటే ఇంకా మంచిది. పీఎస్ఐ సెట్ చేస్తే అక్కడికి రాగానే అదే ఆగిపోతుంది. జన్నారం – ఉట్నూర్ మధ్య పంక్చర్ షాపు కోసం వెతుక్కునే పని తగ్గుతుంది.

టైరు పక్కన చివరి నాలుగు అంకెలు కూడా చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గ్రిప్ గీతలు బాగున్నా రబ్బరు గట్టిపడి పగుళ్లు వచ్చి ఉంటే లాంగ్ రైడ్‌కి ముందే మార్చేయండి.

వెనక షాక్ అబ్జార్బర్లు

స్ప్లెండర్‌కి వెనక 5 స్టెప్పుల అడ్జస్ట్‌మెంట్ ఉంటుంది. క్లాసిక్ 350కి 6 స్టెప్పులు. దీన్నే ప్రీలోడ్ అంటారు. బండి కొన్నప్పటి నుంచి దాన్ని ఒక్కసారి కూడా తిప్పనివాళ్లే ఎక్కువ.

ఇక్కడ అందరికీ ఉండే అపోహ ఒకటుంది. స్టెప్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందని అనుకుంటారు. స్ప్రింగ్ అదే, దాని గట్టితనం మారదు. మారేది బండి ఎత్తు. మనం ఎక్కాక వెనక ఎంత కిందికి దిగుతుందో దాన్ని సరిచేయడానికే ప్రీలోడ్. ఆ దిగడాన్ని శాగ్ అంటారు. ఇంట్లో టేపుతో కొలవొచ్చు.

1. బండిని మెయిన్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో ఉండగా, చక్రం ఇరుసు నుంచి సరిగ్గా పైన సీటు కింద ఒక పాయింట్ వరకు కొలవండి. ఉదాహరణకి 520 మి.మీ. వచ్చిందనుకుందాం.
2. స్టాండ్ తీసి, హెల్మెట్ పెట్టుకుని ఎప్పటిలా కూర్చోండి. ఫ్రెండ్‌ని బండి పట్టుకోమని, ఇంకొకరిని అదే కొలత తీయమనండి. 488 మి.మీ. అనుకుందాం.
3. తేడా 32 మి.మీ. ఇదే శాగ్.

చక్రం మొత్తం పైకి కిందికి కదిలే దూరంలో ఇది మూడో వంతుకి కాస్త తక్కువ ఉంటే బాగుంటుంది. మొత్తం 100 మి.మీ. కదిలే బండికి 30 – 33 మి.మీ. అన్నమాట. ఇప్పుడు వెనక ఒకరు కూర్చుని బ్యాగు కూడా పెడితే కొలత 462కి దిగిందనుకోండి. శాగ్ 58. అంటే గుంత రాకముందే సస్పెన్షన్ సగానికి పైగా అయిపోయింది. మిగిలిన దూరం పెద్ద గుంతకి చాలదు, ఆ దెబ్బ నేరుగా వెన్నెముకకి.

హ్యాండ్లింగ్ మీద కూడా దెబ్బే. వెనక కూర్చుంటే ముందు చక్రం తేలికవుతుంది, హ్యాండిల్ ఆలస్యంగా తిరుగుతుంది, మలుపులో బండి బయటికి లాగుతుంది. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ లాంటి చోట ఇది బాగా తెలుస్తుంది. రాత్రి పూట హెడ్‌లైట్ కూడా పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది.

ఇద్దరు వెళ్లేటప్పుడు ఒక్కో స్టెప్ పెంచి మళ్లీ కొలవండి. టూల్ కిట్‌లో ఉండే సీ ఆకారపు స్పానర్ దీనికే. రెండు వైపులా ఒకే స్టెప్ ఉండాలి. చివరి స్టెప్‌కి వచ్చినా బాగా కిందికే ఉంటే స్ప్రింగ్ అలిసిపోయింది, లేదా బరువు ఎక్కువైంది. ఒంటరిగా తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ తగ్గించడం మర్చిపోవద్దు. లేకపోతే స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక భాగం ఎగరేస్తుంది.

ఇవన్నీ చేసినా బండి ఊగుతుంటే మెకానిక్‌ దగ్గర మూడు చెక్ చేయించండి: హ్యాండిల్ కోన్ సెట్, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, చక్రాల బేరింగ్‌లు. చైన్ వదులుని ఒకసారి మాన్యువల్‌తో పోల్చుకోండి. వదులు చైన్ యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ కుదుపు ఇస్తుంది.

స్టెప్ 3: ఇంజన్ వైబ్రేషన్‌కి మందు

సింగిల్ సిలిండర్ ఇంజన్‌కి కొంత వైబ్రేషన్ సహజం. దాన్ని తగ్గించడానికి కంపెనీలు ఇంజన్ లోపలే బ్యాలెన్సర్ షాఫ్ట్ పెడతాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020 నవంబర్‌లో మీటియోర్ 350తో తెచ్చిన కొత్త 349 సీసీ ఇంజన్‌లో ఇది ఉంది. 2021లో క్లాసిక్ 350కి కూడా అదే ఇంజన్ వచ్చింది. పాతది, కొత్తది వరుసగా నడిపి చూస్తే తేడా చేతులకే తెలుస్తుంది. అంత తేడా ఏ సీటు కవరూ తేలేదు.

మన బండిలో మనం చేయగలిగింది ఇది.

- వైబ్రేషన్ ఎక్కువయ్యే ఆర్‌పీఎం గుర్తుపట్టండి. కొన్ని బండ్లకి 65 దగ్గర జుమ్మని, 58 దగ్గర సాఫీగా ఉంటుంది. ఆ 7 కిలోమీటర్లు తగ్గించుకుంటే గంటకు పోయేది కొన్ని నిమిషాలే.
- ఇంజన్ మౌంటింగ్ బోల్టులు, సైలెన్సర్ బోల్టులు, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు చెక్ చేయించండి. ఖర్చు దాదాపు సున్నా.
- హ్యాండిల్ చివర్లలో ఉండే బరువులు తీసేసి స్టైల్ కోసం తేలికవి పెట్టించుకుంటారు. ఆ బరువులు వైబ్రేషన్ తగ్గించడానికే పెట్టారు. ఒరిజినల్‌వి పెట్టించండి.
- ఆ తర్వాతే మెత్తటి గ్రిప్‌లు. మరీ లావుగా ఉన్నవి వద్దు, గట్టిగా పట్టుకోవాల్సి వచ్చి చేయి ఇంకా త్వరగా అలిసిపోతుంది.

స్టెప్ 4: కూర్చునే తీరు

సీటు మీద కూర్చుని చేతులు హ్యాండిల్ మీద పెట్టి, వేళ్లు లివర్ల మీదికి చాచండి. ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండాలి. మణికట్టు పైకి వంగుతుంటే లివర్ల బోల్టు కొద్దిగా వదులు చేసి కిందికి తిప్పి బిగించండి. ఐదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. అన్నింటికంటే తక్కువ మంది చేసేది కూడా ఇదే.

ఒంటి బరువు చేతుల మీద వేయొద్దు. మోకాళ్లతో ట్యాంకు పట్టుకోండి, మోచేతులు కాస్త వంచి వదులుగా ఉంచండి. స్పీడ్ బ్రేకర్ వస్తే ఫుట్‌రెస్ట్‌ల మీద బరువు వేసి సీటు నుంచి రెండంగుళాలు లేవండి. మోకాళ్లని మించిన సస్పెన్షన్ లేదు.

సీటు విషయానికొస్తే, షాపులో నొక్కగానే మెత్తగా దిగిపోయే ఫోమ్‌ని చూసి మోసపోవద్దు. అరగంటలో అది అణిగిపోయి కింద ప్లాస్టిక్ బేస్ తగులుతుంది. కొంచెం గట్టిగా, వెనక వెడల్పుగా, ముందుకి జారకుండా చదునుగా ఉండేలా చేయించుకోండి. ఎత్తు పెరిగితే కాళ్లు నేలకి అందుతున్నాయా చూసుకోండి. గాలి నింపే కుషన్ అయితే ఫుల్‌గా ఊదొద్దు, బండి మీద పట్టు పోతుంది.

ఫ్రేమ్ కోయడం, కంపెనీ ఇవ్వని సైజు టైర్లు వేయడం లాంటి వాటి జోలికి పోవద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండి ఒరిజినల్ స్పెసిఫికేషన్లు మార్చడాన్ని ఒప్పుకోదు.

లగేజీ ఎక్కడ పెట్టాలి?

బరువైనవి కిందికి, ముందుకి. ఒక లెక్క చూడండి. రెండు చక్రాల మధ్య దూరం 130 సెంటీమీటర్లు. వెనక ఇరుసుకి 40 సెంటీమీటర్ల వెనక ఉన్న టాప్ బాక్స్‌లో 10 కిలోలు పెట్టారు. వెనక చక్రం మీద పడేది 10 కాదు, సుమారు 13 కిలోలు. ఎందుకంటే ముందు చక్రం నుంచి 3 కిలోలు పైకి లేచిపోయాయి. అదే 10 కిలోలు ట్యాంక్ బ్యాగ్‌లో, సైడ్ బ్యాగుల్లో పంచితే ముందు చక్రం గ్రిప్ అలాగే ఉంటుంది. సైడ్ బ్యాగ్ సైలెన్సర్‌కి తగలకుండా మాత్రం చూసుకోండి.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైకులకి ఏబీఎస్ తప్పనిసరి. అది చక్రం లాక్ కాకుండా ఆపుతుంది, అంతే. బరువు పెరిగిన బండిని తక్కువ దూరంలో ఆపే మంత్రం దాంట్లో లేదు. ఇద్దరున్నప్పుడు ముందు వెహికల్‌కి దూరం పెంచాల్సిందే.

మీ ఫోన్ సంగతి

మనకి హాని చేసే వైబ్రేషన్ ఫోన్‌కి కూడా చేస్తుంది. ఎక్కువ పవర్ ఉన్న మోటార్‌సైకిళ్ల హ్యాండిల్‌కి ఐఫోన్ నేరుగా బిగించొద్దని ఆపిల్ 2021లోనే సపోర్ట్ పేజీలో హెచ్చరించింది. కెమెరాలోని ఓఐఎస్, ఆటోఫోకస్ భాగాలు దీర్ఘకాలం వైబ్రేషన్‌కి దెబ్బ తినే అవకాశం ఉందని కారణం చెప్పింది. చిన్న ఇంజన్ స్కూటర్ల మీద పెట్టినా వైబ్రేషన్ తగ్గించే మౌంట్ వాడమంది. ఓఐఎస్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లకీ ఇదే జాగ్రత్త మంచిది.

ఎండ కూడా చూసుకోండి. ఐఫోన్ వాడకానికి ఆపిల్ చెప్పిన బయటి టెంపరేచర్ 35 డిగ్రీల వరకే. మన ఎండాకాలంలో ఫుల్ బ్రైట్‌నెస్, జీపీఎస్, ఛార్జింగ్ మూడూ కలిస్తే ఫోన్ వేడెక్కి స్క్రీన్ డిమ్ అయిపోతుంది. మ్యాప్ ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్ జేబులో పెట్టుకుని, ఆగినప్పుడు చూసుకోవడమే బెస్ట్. అడవి దారిలో సిగ్నల్ మీద ఎలాగూ నమ్మకం పెట్టుకోలేం.

ఒకసారికి ఒకటే మార్చండి

ఫోన్ రివ్యూలో రెండు కెమెరాలని పోల్చాలంటే అదే సీన్, అదే వెలుతురు ఉండాలి కదా. ఇదీ అంతే. ఇంటి దగ్గర 5 కిలోమీటర్ల రోడ్డు ఒకటి ఎంచుకోండి. అదే స్పీడు, అదే గేరు. గాలి సరిచేసి ఒకసారి, ప్రీలోడ్ మార్చి ఇంకోసారి, లివర్లు తిప్పి మరోసారి నడపండి. ప్రతిసారీ నోట్స్ యాప్‌లో రెండు లైన్లు రాసుకోండి. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది పాడుచేసిందో తెలియదు.

ఖర్చు వరుస కూడా గుర్తుంచుకోండి.

- ఫ్రీ: గాలి, ప్రీలోడ్, లివర్ల కోణం, లగేజీ సర్దడం, స్పీడు.
- వందల్లో: ప్రెషర్ గేజ్, గ్రిప్‌లు, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, కోన్ సెట్ బిగింపు.
- వేలల్లో: సీటు ఫోమ్, టైర్లు, కొత్త షాక్ అబ్జార్బర్లు.

పై లైన్ పూర్తయ్యాకే కింది లైన్‌కి వెళ్లండి. చాలామందికి మూడో లైన్ దాకా పోయే అవసరమే రాదు.

అన్నీ సెట్ చేశాక గంటకోసారి ఆగి, నీళ్లు తాగి, ఐదు నిమిషాలు నడవండి. కవ్వాల్ దారిలో చీకటి పడేలోపే బయటపడేలా బయల్దేరండి, అడవి జంతువులు రోడ్డు దాటుతుంటాయి. చివరగా, మీ వెనక అమ్మో, చెల్లో, ఫ్రెండో కూర్చుంటే మొదటి స్టాప్‌లో ముందు వాళ్లని అడగండి. వాళ్లకి హ్యాండిల్ ఉండదు, ముందున్న గుంత కనిపించదు, వెనక చక్రం మీద పడే ప్రతి దెబ్బా ముందు వాళ్లకే తగులుతుంది. వాళ్లు నడుము పట్టుకుని దిగితే, మీకు ఎంత కంఫర్ట్‌గా ఉన్నా సెటప్ ఇంకా పూర్తి కానట్టే. స్పానర్ తీసి ఇంకో స్టెప్ తిప్పండి.